ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్‌కు ఇష్టపూర్వకమైన చందా

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఈసారి నన్ను పదిమందికి పనికివచ్చే విషయమేదైనా ఎన్నుకొని మాట్లాడమన్నారు. పిల్లల చదువుల గురించి, ఉద్యోగాల గురించి, పెండ్లి ఖర్చులు తగ్గించుకోవలసిన అవసరం గురించి ప్రతి ఏడూ ఈ వేదిక మీద పెద్దలు చెబుతూనే ఉన్నారు. నేను వేరొక సంగతి ఎత్తుకుంటున్నాను. దాని పేరు విని నిన్న ఒక మిత్రుడు నవ్వి, "ఊరికే వస్తున్నదానికి పైసలియ్యమని చెప్పే మనిషిని నిన్నే చూసినం సాబ్" అన్నాడు. నిజమే, నవ్వు వచ్చే మాటే. డబ్బు కట్టకున్నా ఎవరూ అడగని చోట, కట్టకపోతే పని ఆగని చోట, మనంతట మనం ఎందుకు కట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా మన చుట్టూ చూద్దాము. మన సంఘం కార్యాలయంలో సభ్యత్వ చందాల పట్టిక, స్కాలర్‌షిప్పుల జాబితా రాసుకునేది లిబ్రాఫీసు అనే సాఫ్ట్‌వేర్‌లో. దానికి మనం ఒక్క పైసా చెల్లించలేదు. జనగామలో ఫొటో స్టూడియో పెట్టుకున్న మన పిల్లలలో కొందరు ఫొటోలు దిద్దేది గింప్ అనే దానితో. మానుకోటలో జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల దుకాణాలు నడిపేవారు రోజంతా తెరిచి ఉంచేది ఫైర్‌ఫాక్స్. భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లలో పిల్లలకు ట్యూషన్ చెప్పే ఆడబిడ్డలు పాఠాల వీడియోలు చూపించేది వీఎల్‌సీలో. ఆ నారింజ రంగు ట్రాఫిక్ కోన్ బొమ్మ తెలియని ఇల్లు లేదు. ఇక ఇక్కడ కూర్చున్న వారిలో చాలామంది జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను అడుగున పనిచేసేది లినక్స్. ఫిన్లండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టి, నలుగురికీ ఇచ్చివేసిన పని అది. ఇవన్నీ ఆకాశం నుండి రాలేదు. ఎవరో రాసినారు, ఎవరో ఇప్పటికీ మరమ్మతు చేస్తున్నారు.

వీటిని ఇంగ్లీషులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటారు. ఆ ఒక్క మాటతో పెద్ద చిక్కు వచ్చిపడింది. ఇంగ్లీషువాడికి ఊరికే వచ్చినదీ ఫ్రీయే, స్వేచ్ఛగా ఉన్నదీ ఫ్రీయే. ఆ రెండూ వేరు వేరని చెప్పడానికి అక్కడి పెద్దలు నలభై ఏండ్లుగా ఉపన్యాసాలు ఇస్తూనే ఉన్నారు. మనకు ఆ బాధ లేదు. మన ఇండ్లలో మాట్లాడే ఉర్దూలో ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో తెలుగులో కంప్యూటర్ నడవాలని పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఒకటి తనకు స్వేచ్ఛ అనే పేరు పెట్టుకున్నది కూడా అందుకే. ఈ సాఫ్ట్‌వేర్ ఆజాద్. అంటే దానిని వాడుకోవచ్చు, లోపల ఏమున్నదో విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి పంచవచ్చు. ముఫ్త్‌గా దొరకడం ఆ స్వేచ్ఛ వలన కలిగిన ఫలితమే తప్ప దాని అసలు అర్థం కాదు. ఈ ఉద్యమాన్ని 1983లో ప్రకటించిన అమెరికావాసి రిచర్డ్ స్టాల్‌మన్, 1985లో తాను రాసిన ఈమాక్స్ అనే ప్రోగ్రామును టేపు మీద ఎక్కించి 150 డాలర్లకు అమ్మినాడు. డబ్బు పుచ్చుకోవడం ఆ ఉద్యమంలో తప్పు ఎన్నడూ కాదు. తీసుకున్నవాడిని కట్టివేయడమే తప్పు.

మన పెంబర్తిని తలచుకోండి. అక్కడి ఇత్తడి పనివారి నకాషీ చూసి నేర్చుకొని మరొకడు అదే లత, అదే పువ్వు చెక్కగలడు. అంత మాత్రాన మొదటివాని చేతిలో విద్య తరిగిపోదు. విద్య పంచితే తరగదు, సరే. కాని ఆ పనివాడు పొద్దున లేచి బొగ్గు కొనాలి, రేకు కొనాలి, ఇంట్లో బియ్యం తేవాలి. విద్య తరగకపోవడం ఒకటి, విద్య కలవాడు తిని బతకడం ఒకటి. సాఫ్ట్‌వేర్ రాసేవాడి సంగతీ అంతే.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే అపార్థం వస్తుంది. మన డీటీపీ దుకాణాలలో తెలుగుకు అను, ఉర్దూకు ఇన్‌పేజ్ వాడతారు. అవి కొనుక్కోవలసిన సాఫ్ట్‌వేర్లు. వాటిని ఎవరి దగ్గరనుండో కాపీ చేసి పెట్టుకుంటే అది హక్కులేని సొత్తు. దాని సంగతి వేరు, దానికి చందా ఇస్తే సరిపోదు, ధరే కట్టాలి. నేను మాట్లాడుతున్నది యజమానియే స్వయంగా "తీసుకోండి, పంచుకోండి" అని వ్రాతపూర్వకంగా అనుమతి ఇచ్చినవాటి గురించి. అక్కడ మనం ఎవరికీ బాకీ లేము. బాకీ లేని చోట ఇచ్చేదానినే చందా అంటారు.

"ఇవన్నీ పెద్ద పెద్ద కంపెనీలు చూసుకుంటాయి గదా, మన వంద రూపాయలు ఏ మూలకు" అని తరచుగా వినబడే మాట. ఈ మాటకు 2014లో గట్టి జవాబు దొరికింది. అది కొంచెం వివరంగా చెబుతాను.

మనం బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు పైన తాళం బొమ్మ కనబడుతుంది. మనం కొట్టే పాస్‌వర్డు దారిలో ఎవరూ చదవకుండా దానిని గుప్తలిపిలోకి మార్చి పంపడం ఆ తాళం పని. ప్రపంచమంతటా లెక్కలేనన్ని వెబ్‌సైట్లలో ఆ పని చేసేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. 2014 ఏప్రిల్ 7న అందులో ఒక లోపం బయటపడింది. దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టినారు. గూగుల్‌లో పనిచేసే నీల్ మెహతా ఒకవైపు, ఫిన్లండ్‌కు చెందిన ఒక కంపెనీ వారు మరొకవైపు, ఎవరికి వారే దానిని కనిపెట్టినారు. ఎవరైనా దూరం నుండి అడిగితే సర్వరు తన జ్ఞాపకంలో ఉన్న రహస్యాలను ముక్కలు ముక్కలుగా బయటపెట్టే లోపమది. తాళపుచెవులు, పాస్‌వర్డులు అన్నీ అందులో రావచ్చు. రెండేండ్ల నుండి ఆ లోపం అక్కడే ఉన్నది. లక్షలకొద్దీ సర్వర్లు ఆ రాత్రికి రాత్రి మరమ్మతు చేసుకోవలసి వచ్చింది.

అప్పుడు లోకం అడిగింది, ఇంత ముఖ్యమైన పని చేసేవారు ఎవరు, వారు ఎంతమంది అని. తేలిన లెక్క ఏమిటంటే, పూర్తి కాలం ఆ పని మీదనే ఉన్నవాడు ఒకే ఒక్కడు. మిగిలినవారు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళలలో చేసేవారు. ఆ సంస్థకు ప్రపంచం మొత్తం నుండి ఏడాదికి విరాళంగా వచ్చేది సుమారు 2000 డాలర్లు. ఆనాటి మారకం లెక్కన ఒక లక్షా ఇరవై వేల రూపాయలు, నెలకు పదివేలు. మన ఊరి బట్టల దుకాణంలో లెక్కలు రాసే గుమాస్తా జీతం! ఆ తాళాన్ని నమ్ముకొని కోటానుకోట్ల వ్యాపారం చేసిన కంపెనీలలో చాలావాటికి ఆ సంస్థకు ఏమైనా ఇవ్వాలని తోచనేలేదు. ప్రతివాడూ మరొకడు ఇస్తున్నాడు లెమ్మని అనుకున్నాడు. వార్త పత్రికలకెక్కిన ఆ వారంలో చిన్న చిన్న మొత్తాలుగా జనం పంపినది సుమారు 9 వేల డాలర్లు. పెద్ద కంపెనీలు కలిసి లినక్స్ ఫౌండేషన్ ద్వారా ఒక నిధి పెట్టింది కూడా ఆ తరువాతే. ఇల్లు కాలినాక బావి తవ్విన చందమన్నమాట.

అప్పటితో లోకానికి బుద్ధి వచ్చిందా? 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే మరొక చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఒక దొంగ తలుపు దొరికింది. దానిని ఏండ్ల తరబడి ఒంటరిగా నడిపిన వ్యక్తి అలసిపోయి ఉన్నాడు. సాయం చేస్తానని వచ్చిన ఒక ముక్కూమొగమూ తెలియని మనిషి రెండేండ్లకు పైగా నమ్మకంగా పనిచేసి, పెత్తనం చేతికి వచ్చిన తరువాత అందులో ఆ తలుపు పెట్టినాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రం అర సెకను ఆలస్యంగా పలకడం గమనించి కూపీ తీయకపోతే అది ప్రపంచమంతా పాకేది. ఇందులో డబ్బు ఒక్కటే కారణమని నేననను. కాని ఆ పనికి జీతమిచ్చి ఇద్దరు మనుషులను తోడు పెట్టగలిగి ఉంటే, ఆ ఒక్కడు అపరిచితుని చేతికి పెత్తనం ఇచ్చేదాకా వచ్చేవాడా? మీరే ఆలోచించండి.

వాడుకునేవారు ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ చేసేవాడికి మరొక దారి లేదా అంటే ఉన్నది. ఆ దారి ఎక్కడికి పోతుందో మన సమాజానికి ప్రత్యేకంగా తెలిసిన సంగతే. 2020 నవంబరులో అమెరికాలోని మదర్‌బోర్డ్ అనే వార్తా సంస్థ ఒక కథనం ప్రచురించింది. నమాజు వేళలు, ఖిబ్లా దిక్కు చూపించే ముస్లిం ప్రో అనే యాప్ నుండి వాడుకునేవారు ఎక్కడ తిరుగుతున్నారన్న వివరం ఎక్స్‌మోడ్ అనే వ్యాపార సంస్థకు పోతున్నదని, అట్లాంటి వివరాలు కొనేవారిలో అమెరికా సైన్యంతో సంబంధమున్న కాంట్రాక్టర్లు ఉన్నారని అందులో రాసినారు. తాము సైన్యానికి నేరుగా ఏమీ అమ్మలేదని యాప్ వారు చెప్పుకున్నారు, ఎక్స్‌మోడ్‌తో సంబంధం వెంటనే తెంచుకున్నారు. వారి మాట కూడా చెప్పడం న్యాయం కనుక చెప్పినాను. కాని ఫోను తెరిచి నమాజు వేళ చూసుకునే ముసలాయనకు, తాను ఏ వీధిలో ఉన్నదీ ఒకరి బేరంలో సరుకు అవుతున్నదని తెలిసే దారి లేదు గదా! ఆ యాప్ ముఫ్త్‌గా దొరికేదే, ఆజాద్ మాత్రం కాదు. లోపల ఏమున్నదో విప్పి చూసే వీలు లేదు. ఇందుకు భిన్నంగా, ఖురాన్ చదువుకోవడానికి చాలామంది వాడే ఖురాన్ ఫర్ ఆండ్రాయిడ్ అనే యాప్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ప్రకటనలు లేవు, లోపలి రాత అంతా బహిరంగం.

వీఎల్‌సీ కథ ఇంకా ముచ్చటైనది. 1996లో పారిస్ సమీపంలోని ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు తమ హాస్టలులో వీడియోలు చూడడానికి మొదలుపెట్టిన పని అది. 2001లో కళాశాలవారి అనుమతితో దానిని లోకానికి వదిలినారు. 2025 జనవరి నాటికి దాని డౌన్‌లోడ్లు 600 కోట్లు దాటినవి. అందులో ప్రకటనలు పెడితే కోట్లకు కోట్లు ఇస్తామని వ్యాపారులు వచ్చినారు. దాని పెద్ద జాన్ బప్తిస్త్ కెంఫ్ ఒప్పుకోలేదు. అది లాభాపేక్ష లేని సంఘం, మన సంఘం వంటిదే, విరాళాల మీద నడుస్తుంది. మనం సినిమా పెట్టుకున్నప్పుడు మధ్యలో సబ్బు ప్రకటన రాకపోవడానికి కారణం ఎక్కడో ఒక మనిషి వద్దు అని అనగలగడమే. అతడు రేపు కూడా వద్దనగలగాలంటే ఇంటి అద్దె కట్టగలగాలి.

ఇక అడగడం గురించి. చందా వసూలు చేసిన అనుభవం ఉన్న పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. వారికి నేను చెప్పనక్కర లేదు. జనం ఇవ్వకపోవడానికి పిసినారితనం కంటే పెద్ద కారణం ఎవరూ వచ్చి అడగకపోవడం. రసీదు పుస్తకం పట్టుకొని గడప ఎక్కితే పది రూపాయలో వందో వస్తుంది. ఎక్కకపోతే కోటీశ్వరుని ఇంటి నుండి కూడా ఏమీ రాదు. థండర్‌బర్డ్ అనే ఈ‌మెయిలు సాఫ్ట్‌వేర్ చరిత్ర దీనికి సాక్ష్యం. దానిని నడిపిన మొజిల్లా సంస్థ 2012లో ఇక దీని మీద ఖర్చు పెట్టలేమని చెప్పి చాలావరకు వాలంటీర్లకు వదిలివేసింది. అది పోయిందనే చాలామంది అనుకున్నారు. మిగిలిన కొద్దిమంది వాడుకునేవారినే చందా అడగడం మొదలుపెట్టినారు. 2021లో వచ్చింది సుమారు 28 లక్షల డాలర్లు. 2022 చివరలో, సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడే ఒక పేజీలో మర్యాదగా విన్నవించుకున్నారు. ఆ యేడు 64 లక్షలు వచ్చినవి. 2023లో 86 లక్షలు. ఇవ్వనివారికి ఏ సౌకర్యమూ ఆపలేదు. ఇచ్చినవారికి ప్రత్యేకమైన కుర్చీ వేయలేదు. వాడుకునే వందమందిలో చాలా కొద్దిమందే ఇచ్చినారు, అయినా పోయిందనుకున్న సాఫ్ట్‌వేర్ నిలబడి, ఇప్పుడు జీతగాండ్రను పెట్టుకొని నడుస్తున్నది.

వికీపీడియా విన్నపం మీరు చూసే ఉంటారు. 2020లో మన దేశపు పాఠకుల ముందు పెట్టినప్పుడు 150 రూపాయలు అడిగినారు. వందమంది పాఠకులలో ఇద్దరే ఇస్తారని వారే రాసుకుంటారు. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పనివ్వండి. ఆ విన్నపం చదివితే రేపే దుకాణం మూతపడుతుందేమో అన్నంత గాభరా కలుగుతుంది. అంత లేదు. ఆ సంస్థ వద్ద నిల్వలు 20 కోట్ల డాలర్లకు పైనే ఉన్నవి. వారికి ఇవ్వవద్దని కాదు. మన మండలాల పల్లెలకు కూడా తెలుగు వికీపీడియాలో పేజీలున్నవి, అవి జీతం లేని మనుషులు కూర్చొని రాసినవి. కాని మీ చేతిలో ఒకే ఒక్క వంద నోటు ఉంటే, బాగా వినబడేటట్లు అడిగినవాడికే ముందు ఇవ్వాలని నియమమేమీ లేదు. నోరు తెరవని చిన్నవాడెవడో చూసి ఇస్తే ఆ నోటు ఎక్కువ పని చేస్తుంది.

మన భాషలకు అట్లాంటి చిన్నవారు ఎందరు సేవ చేసినారో కొంచెం చూడండి. కంప్యూటరులో తెలుగు రాయడం గగనమైన రోజులలో, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే లేఖిని అనే పరికరాన్ని 2006లో వీవెన్ తయారుచేసి అందరికీ వదిలినారు. పాత ఫాంట్లలోని తెలుగును యూనికోడుకు మార్చే పద్మ అనే సాధనం చేసింది వెన్న నాగార్జున. 2003లో తెలుగు వికీపీడియాకు నాంది పలికింది కూడా ఆయనే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను చేసి ఉచితంగా ఇచ్చినారు. ఈ రోజు పెండ్లి పత్రికలలో, ఫ్లెక్సీలలో కనబడే గిడుగు, గురజాడ, సురవరం, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు సిలికానాంధ్ర వారి ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చినవి. ఉర్దూకు లాహోరులో తయారైన నఫీస్ నస్తాలీఖ్, గూగుల్ వారి నోటో నస్తాలీఖ్ ఉన్నవి. నస్తాలీఖ్ రాత ఎంత కష్టమో కాతిబ్ సాబుల పని చూసినవారికి తెలుసు. ఒక అక్షరం పక్కన ఏ అక్షరం ఉన్నదాన్ని బట్టి దాని రూపం మారుతుంది, ఏటవాలుగా కిందికి దిగుతుంది, చుక్కలు ఒకదానికొకటి తగలకూడదు. ఇదంతా యంత్రానికి నేర్పడానికి నెలలు, సంవత్సరాలు పడుతుంది. ఒక షాదీ కార్డుకు రెండు నిమిషాలలో ఫాంటు ఎన్నుకునే మనకు ఆ శ్రమ కనబడదు.

ఇప్పుడు ఆక్షేపణల సంగతి. "మన జనమే బీదవారు, మనమే ఒకరి చేయి చూసేవాళ్ళం, ఫారిన్ వాళ్ళకు మనం పైసలిచ్చుడా?" అని ఒక చాచా అడిగినారు. న్యాయమైన ప్రశ్న. మానుకోట మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ సోదరుని నేను అడగడం లేదు. ఆటో నడిపేవారిని, టైలరు మిషను మీద ఇల్లు నడిపే తల్లిని అడగడం లేదు. ఈ సాఫ్ట్‌వేర్ల వలన నాలుగు రూపాయలు సంపాదిస్తున్నవారిని అడుగుతున్నాను. ఫొటో స్టూడియో, డీటీపీ, ఆన్‌లైన్ సెంటరు నడిపేవారు, హైదరాబాదులో, గల్ఫులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు, కంప్యూటర్ల మీద నడిచే మన సంఘం వంటి సంస్థలు. ఏడాదికి ఒక్కసారి, ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్‌కు, ఒకరోజు గిరాకీలో పదోవంతు. అంతకంటే ఎక్కువ నేను అడగను.

జకాతు పైసలు ఇందులో పెట్టవచ్చునా అని కూడా అడిగినారు. నేను మౌల్వీని కాను, ఫత్వా ఇవ్వను. జకాతు ఎవరికి చెల్లుతుందో ఆ ఎనిమిది తరగతులు సూరా తౌబాలో చెప్పబడి ఉన్నవి. ఆ పద్దు జోలికి పోకండి, అది మన బీదల హక్కు. నేను చెప్పేది చాయ్ పైసల సంగతి. మన సంఘపు స్కాలర్‌షిప్పుల నిధిలో నుండి కూడా ఒక్క రూపాయి దీనికి తీయకూడదు.

డబ్బు లేని విద్యార్థులు చిన్నబుచ్చుకోనక్కర లేదు. వారి దగ్గర డబ్బు కంటే అరుదైన సొమ్ము ఉన్నది. తెలుగు, ఉర్దూ రెండూ చదవగలిగి, కంప్యూటరు తెలిసిన పిల్లలు ఈ రాష్ట్రంలో ఎంతమంది ఉంటారు? లిబ్రాఫీసు మెనూలలో తప్పు తెలుగు కనబడితే దిద్దవచ్చు. ఉర్దూ అనువాదం అసంపూర్తిగా ఉన్న చోట పూర్తి చేయవచ్చు. ఫలానా ఫాంటులో ఫలానా ఒత్తు సరిగా పడడం లేదని తయారుచేసినవారికి ఓపికగా, ఉదాహరణతో రాసి పంపడం కూడా చందాయే. "మీ సాఫ్ట్‌వేర్ బాగలేదు" అని తిట్టుతో సరిపెట్టేవారు వెయ్యిమంది ఉంటారు, ఎక్కడ బాగలేదో చెప్పేవారు పదిమంది ఉండరు. తన ఊరి పేజీ వికీపీడియాలో తెరిచి చూసుకొని, బడి గురించి, చెరువు గురించి ఆధారంతో రెండు వాక్యాలు చేర్చడానికి ఇంటర్ చదివే పిల్ల చాలు.

ఇవ్వాలని మనసయినవారికి దారిలో కొన్ని అడ్డంకులు వస్తాయి. అవి ముందే తెలిస్తే విసుగు రాదు. వికీపీడియాకైతే రూపాయలలోనే పంపవచ్చు. లిబ్రాఫీసును నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్ జర్మనీలోని బెర్లిన్‌లో ఉన్నది, వీఎల్‌సీ సంఘం ఫ్రాన్సులో ఉన్నది. అక్కడికి పంపాలంటే విదేశాలలో చెల్లే కార్డు కావాలి. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 2020 మార్చి 16 నుండి కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలోనే పనిచేసేటట్లు వస్తాయి. విదేశీ చెల్లింపు కావాలంటే బ్యాంకు యాప్‌లో మనమే ఆ మీట తిప్పుకోవాలి, పని కాగానే మళ్ళీ మూసివేయాలి. నెలనెలా దానంతట అదే కట్ అయ్యే పద్ధతి 2021 అక్టోబరు నుండి కట్టుదిట్టమైంది, అదనపు అనుమతి ఇవ్వకపోతే ఆగిపోతుంది. కాబట్టి ఏడాదికొక్కసారి పంపడం సులువు. విదేశీ సంస్థకు ఇచ్చినదానికి ఇక్కడ ఎనభై జీ కింద ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

మోసాల విషయం మరీ మరీ చెప్పాలి. వీఎల్‌సీ పేరుతో దొంగ వెబ్‌సైట్లున్నవి. 2022లో కొన్ని నెలల పాటు మన దేశంలో వీఎల్‌సీ అసలు వెబ్‌సైటు తెరుచుకోకుండా చేసినారు, నవంబరులో తిరిగి తెరిచినారు. అసలు తలుపు మూసి ఉన్నప్పుడు నకిలీ తలుపులకు గిరాకీ పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే సహాయం అన్న మెనూ ద్వారా, లేదా ఆ సంస్థ స్వంత వెబ్‌సైటు ద్వారా మాత్రమే చందా కట్టండి. వాట్సాప్‌లో వచ్చిన లింకు ద్వారా కట్టవద్దు. ఈ సంస్థల వారు ఎవరూ ఫోను చేసి చందా అడగరు.

ఇక కార్యవర్గానికి నా మనవి. మన వార్షిక జమాఖర్చులలో స్టేషనరీ, కరెంటు బిల్లు, ఊడ్చే మనిషి జీతం అని పద్దులున్నవి. వాటి కింద సాఫ్ట్‌వేర్ చందా అని ఒక పద్దు తెరవండి. ఈ యేడు వెయ్యి రూపాయలు చాలు, అది కూడా కార్యాలయ ఖర్చుల నుండి. అందులో సగం మనం లెక్కలు రాసుకునే లిబ్రాఫీసుకు, సగం తెలుగు కోసమో ఉర్దూ కోసమో పనిచేసే మన దగ్గరివారికి. రసీదు వచ్చే సంచికలో మిగతా ఖర్చులతో పాటే అచ్చు వేయండి. సభ్యులలో ఎవరికైనా అభ్యంతరముంటే ఈ సభలోనే చెప్పాలి. బలవంతం చేస్తే అది చందా కాదు, పన్ను అవుతుంది.

ఫోనులో ఆ కార్డు మీట ఎక్కడున్నదో తెలియనివారు వచ్చే ఆదివారం జొహర్ నమాజు తరువాత కార్యాలయానికి రండి. నేనూ, కంప్యూటరు క్లాసు పిల్లలు ఇద్దరూ అసర్ దాకా అక్కడే ఉంటాము. ఫోను, కార్డు వెంట తెచ్చుకోండి. ఓటీపీ వస్తే మీరే కొట్టుకోండి, మాకు చూపించకండి. సెలవు.